చెయ్యని పనుల పుస్తకం

నోటరీ గారు పోయిన సంగతి నాకు మూడో రోజున తెలిసింది. జగ్గయ్యపేట నుంచి వాళ్ళమ్మాయి ఆ రోజే కార్డు రాసిందట. కానీ తండ్రి నేర్పిన పద్ధతిలో వీధి, వార్డు, పోస్టు, తాలూకా, జిల్లా అన్నీ వివరంగా రాసేసరికి నా పేరుకి చోటు చాలలేదు. చివర మూలలో ఇరికించిన ఆ పేరు పోస్టుమాను కంటికి ఆనక, కార్డు నందిగామ అంతా తిరిగి తిరిగి బడికి చేరింది. పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తూనే చదివాను. "నాన్నగారు సోమవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు కాలం చేశారు" అని ఉంది. ఆ పది నిమిషాలు చూడగానే నాకు విసుగొచ్చింది. పోయిన మనిషి మీద విసుక్కోకూడదని తెలుసు. పన్నెండేళ్ళ అలవాటు ఒక కార్డు ముక్కతో పోతుందా?

నందిగామ కోర్టు వీధిలో ఎప్పుడైనా కాగితం పట్టుకుని తిరిగినవాళ్ళకి ఆయన గుర్తుండే ఉంటారు. మీకూ ముందు విసుగే గుర్తొచ్చి ఉంటుంది. తెలియనివాళ్ళకి చెబుతున్నాను. నోటరీ అంటే, ఫలానా మనిషి నా ఎదుటికి వచ్చాడు, ఈ కాగితంలో ఉన్నది తెలిసే సంతకం పెట్టాడు అని ముద్ర వేసి చెప్పే ప్లీడరు. చేసిన ప్రతి పనినీ ఒక రిజిస్టరులో వరస నంబరు వేసి రాసుకోవాలి. వచ్చినవాళ్ళ సంతకమో వేలిముద్రో అందులోనూ తీసుకోవాలి. చెబితే ఇంతే. ఈ చిన్న పనిని ఆయన ఎంత పెద్దది చెయ్యగలరో అనుభవించినవాళ్ళకే తెలుసు. వాళ్ళలో మొదటి వరసలో నేనుంటాను.

నాది చెవిటికల్లు. చర్చి పుస్తకంలో నా పేరు రాహేలు. బళ్ళో వేసినప్పుడు పంతులుగారికి ఆ పేరు నచ్చలేదో, నోరు తిరగలేదో, రత్నమ్మ అని రాసుకున్నారు. ట్రైనింగు సర్టిఫికెట్టు రత్నమ్మ పేరున వచ్చింది. నందిగామలో మిషను బళ్ళో ఉద్యోగం దొరికాక, ఖాయం చెయ్యాలంటే రాహేలూ రత్నమ్మా ఒకరేనని అఫిడవిట్టు కావాలన్నారు. ఆయన అప్పుడే కొత్తగా నోటరీ అయ్యారు. ఊరికి ఒక్కరే కదా అని వెళ్ళాను.

"రత్నమ్మ అని మీకు పేరు పెట్టిందెవరు?" అని అడిగారు.

"మా పంతులుగారండి."

"ఆయన్ని తీసుకురాగలరా?"

"పోయారండి."

"అయితే మీరిద్దరూ ఒకరేనని తెలిసినవాళ్ళని తీసుకురండి" అన్నారు. మీరిద్దరూ అన్నారు నన్ను పట్టుకుని. ఆ మాట నాకు చాలాకాలం గుచ్చుకుంది.

రెండోసారి మా అమ్మని తీసుకెళ్ళాను. పొలం పని మానుకుని, కీసర దగ్గర మున్నేటి గట్టున బస్సు కోసం రెండు గంటలు నిలబడి వచ్చింది పాపం. ఆయన అమ్మకి కుర్చీ చూపించి, ఆమె కూర్చున్నాక నింపాదిగా అన్నారు. "ఈవిడ మీకు తెలుసు. నాకు తెలియదు కదండీ."

"నేను కన్నదాన్నయ్యా" అంది అమ్మ. "నాకు కాకపోతే ఇంకెవరికి తెలుసుద్ది?"

"మీరే కన్నారని నాకెవరు చెప్పాలమ్మా? మీరూ తెలిసుండాలి, నేనూ తెలిసుండాలి. అలాంటి మనిషి ఒకరు కావాలి."

అమ్మ తిరుగు బస్సులో కంచికచెర్ల దాకా ఆయన్ని తిడుతూనే ఉంది. దిగే ముందు మాత్రం ఒక మాట అంది. "కుర్చీ ఏశాడే." మా అమ్మ అరవై ఏళ్ళ బతుకులో అలాంటి ఇంట్లో ఆమెకి కుర్చీ వేసినవాళ్ళు అంతకు ముందు లేరు. నాకు ఆ రోజు కోపంలో అది కనపడను కూడా లేదు.

మూడోసారి పాస్టరు గారిని బతిమాలి తీసుకెళ్ళాను. ఆయన అందరికీ తెలుసు. ఇక తిరుగులేదనుకున్నాను. నోటరీ గారు చర్చి కాగితాన్నీ, బడి సర్టిఫికెట్టునూ పక్కపక్కన పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని, మా నాన్న పేరు ఒకదాంట్లో యేసోబు అనీ ఇంకోదాంట్లో ఏసోబు అనీ ఉందని కనిపెట్టారు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. "ఇంటికి పంపెయ్యడానికే కూర్చున్నారా మీరు?" అని అడిగేశాను. ఆయనకి కోపం రాలేదు. "రేపు మీ పింఛను దగ్గర ఎవడో ఒకడు ఇది పట్టుకుంటాడు. అప్పుడు నేనుండను. ఇప్పుడే సరిచేసుకుందాం" అన్నారు. పాతికేళ్ళు నిండని నాకు పింఛను గురించి చెబుతున్న ఆ మనిషిని చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నాలుగోసారి పని అయింది. అఫిడవిట్టు నన్నే పైకి చదవమన్నారు. చదివాను. రిజిస్టరులో గడులన్నీ నింపి, అందులో రాసింది కూడా నన్నే చదవమన్నారు. అదీ చదివాను. ఆయన కలం పక్కన పెట్టి, "చాలా స్పష్టంగా చదువుతారండీ మీరు" అన్నారు. ఆ మెచ్చుకోలుకి పొంగిపోయాను. ఎందుకు పొంగానా అని తర్వాత పన్నెండేళ్ళు అనుకున్నాను.

మాకు బడివాళ్ళు ఇచ్చిన క్వార్టరు సరిగ్గా ఆయన ఇంటి వెనకే. మధ్యన నడుమెత్తు గోడ. భార్య పోయి, కూతురు జగ్గయ్యపేటలో కాపురముండి, ఆయన ఒక్కరే ఉండేవారు. నేను అమ్మని తెచ్చుకుని అక్కడ చేరిన వారానికే గోడ మీంచి పిలుపు వచ్చింది. "టీచరమ్మా, ఒక్క నిమిషం."

సంగతేమిటంటే, ఆడవాళ్ళు ఎవరైనా కాగితం మీద వేలిముద్ర వెయ్యడానికి వస్తే, దాన్ని ఒక ఆడమనిషే చదివి వినిపించాలని ఆయన నియమం పెట్టుకున్నారు. మగవాడు చదివితే సగం వినరట, అర్థం కాకపోయినా తలూపుతారట. చట్టంలో ఇది ఎక్కడా లేదు. నేనడిగాను. "లేదండీ, నేనే పెట్టుకున్నాను" అన్నారు. రిజిస్టరులో అచ్చయిన గడుల పక్కన ఎర్ర సిరాతో గీత గీసి, 'చదివి వినిపించినవారు' అని ఒక గడి తనే కలిపారు. ఆ గడి కింద పేజీలకి పేజీలు నా పేరే ఉంటుంది. మొదట్లో రత్నమ్మ అని రాసేవారు. తర్వాత, ఎందుకైనా మంచిదని, రత్నమ్మ అను రాహేలు అని రాయడం మొదలుపెట్టారు.

ఆ ఒక్క నిమిషం ఏనాడూ గంటకి తగ్గలేదు. చదవడంతో అయ్యేది కాదు మరి. చదివాక ఆయన అడిగేవారు. "ఇప్పుడు చెప్పండి, ఇందులో ఏముంది?"

"మీరే చదివించారుగదండీ" అనేవాళ్ళు వచ్చినవాళ్ళు.

"మాకేం తెలుసో మాకు తెలుసు. మీకేం తెలిసిందో చెప్పండి."

వాళ్ళు తలగోక్కునేవాళ్ళు. నేను మళ్ళీ చదివేదాన్ని. అవతల మా పొయ్యి మీద పప్పు మాడేది. "ఆ నోటరీయోరికి నువ్వు లేకపోతే పొద్దు గడవదంటే?" అని అమ్మ గోడ ఇవతల నుంచి ఆయనకి వినపడేట్టే అనేది. ఆయనకి వినపడేది కూడా. వెళ్ళేటప్పుడు నాకొక గ్లాసు మజ్జిగ ఇచ్చేవారు, అల్లం దంచి వేసి, స్వయంగా కలిపింది. ఉప్పు ఎప్పుడూ ఎక్కువే. పన్నెండేళ్ళలో ఒక్కసారీ సరిపోలేదు.

ఒక ఆదివారం ఆరాధనకి తెల్లచీర కట్టుకుని బయల్దేరుతుంటే పిలిచారు. వేలిముద్రల సిరా పెట్టె నా ఒళ్ళో పడింది. ఆయన కంగారుగా కిరసనాయిలు గుడ్డ తెచ్చి ఇచ్చి, నేను మరక రుద్దుకుంటూ ఉంటే, "ఇందాక సగంలో ఆపారు, ఆ వాక్యం మొదటి నుంచి చదవండి" అన్నారు. అది విని నేను ఆయన్ని చూసిన చూపు ఇంకెవరైనా అయితే జన్మలో మళ్ళీ పిలిచేవారు కాదు.

తోటి ప్లీడర్లు కూడా ఆయన దగ్గరికి మనుషుల్ని పంపడం తగ్గించారు. వేరే ఊళ్ళకి వెళితే అరగంటలో ముద్ర పడుతుందనేవాళ్ళు. మనిషి రాకపోయినా కాగితం వస్తే చాలు అనేవాళ్ళు. ఈయన దగ్గర ముందు మనిషి, తర్వాత కాగితం. పేజీ చివర రెండు వేళ్ళ జాగా మిగిలితే అడ్డంగా గీత కొట్టేదాకా పుస్తకం మూసేవారు కాదు. "ఖాళీ వదిలితే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారండీ" అనేవారు. తప్పు రాస్తే చెరపనిచ్చేవారు కాదు. ఒకే ఒక గీత కొట్టి, ఆ తప్పు చదవడానికి వీలుగా ఉంచి, పక్కన సరైనది రాసి, పొడి అక్షరాలు వేసేవారు. "మనం తప్పు చేశామని కూడా కనపడాలి కదండీ."

ఆ రిజిస్టర్లని జిల్లా జడ్జి గారు తనిఖీ చెయ్యొచ్చని రూల్సులో ఒక మాట ఉందట. దాని కోసం ఆయన పెళ్ళిచూపులకి ఎదురుచూసినట్టు చూసేవారు. ఏడాదికోసారి పుస్తకాలన్నీ ఎండలో పెట్టి, వేపాకు వేసి, ఉతికిన పంచె ముక్కలో కట్టి ఉంచేవారు. వీధిలో జీపు ఆగితే కోటు తొడుక్కునేవారు. నేనెరిగినంతలో ఎవరూ రాలేదు. ఆ సర్దుడు పనిలో కూడా నన్ను పిలిచి నంబర్లు చదివించేవారు. ఒకసారి నాకు ఓపిక చచ్చి, "ఎవరూ రారండీ, ఎందుకీ అవస్థ?" అన్నాను.

"రాకపోవచ్చు. తర్వాత నంబరు చదవండి" అన్నారు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆ రెండో పుస్తకం ఒక ఎత్తు. ఆ పుస్తకం వల్లే నేను కోర్టు బోనెక్కాను. దాని సంగతి చెప్పాలి.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం వత్సవాయి నుంచి ఒక పెద్దావిడని ఆమె మరిది కొడుకు తీసుకొచ్చాడు. ఆవిడకి పిల్లలు లేరు, భర్త లేడు. ఆరెకరాల నల్లరేగడి ఉంది. మరిది కొడుకే సాగు చేస్తూ ఆవిడకి తిండి పెడుతున్నాడు. ఖద్దరు చొక్కా, చేతికి గడియారం, మనిషి మర్యాదగానే ఉన్నాడు. వస్తూనే నోటరీ గారు ఒక పుస్తకంలో అతని చేత సంతకం పెట్టించుకున్నారు, ఫలానా ఆవిడని వెంటబెట్టుకుని వచ్చినవాడు అని. తర్వాత గోడ మీంచి నన్ను పిలిచారు.

మిషను బడి టీచరని అతనికి నా గురించి చెప్పారు. నేను కూర్చుని కాగితం తీసుకోబోతుంటే అతను నా వంక చూసి, "ఈమె చదవడమేంటండీ? మీరే చదవండి" అన్నాడు. ఎందుకన్నాడో ముగ్గురికీ తెలుసు. నోటరీ గారు అతనితో వాదించలేదు. కలానికి మూత పెట్టేశారు. "అయితే ఇవాళ్టికి పనవదండీ" అన్నారు. అతను గడియారం చూసుకుని, "సరే, చదవమనండి" అన్నాడు. కలం మూత మళ్ళీ ఊడింది.

అది జనరల్ పవరు పత్రం. చదువుకుంటూ వెళ్ళాను. 'సదరు భూమిని అమ్ముటకును, తాకట్టు పెట్టుటకును, దస్తావేజులు రిజిస్టరు చేయించుటకును సర్వాధికారములు ఇచ్చినాను' అన్న చోటికి వచ్చేసరికి ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది.

"అమ్ముటకు అంటే ఏంది బిడ్డా? ఎవరు అమ్మేది?"

"మీ పొలం అమ్మడానికి ఈయనకి అధికారం ఇస్తున్నారని రాసుందమ్మా" అన్నాను.

"బావి కాడ మోటారుకి కరెంటు తీగె లాగుతరు, దానికి వేలిముద్ర కావాలె అన్నడే మా పోరగాడు."

అతను ముందుకు వంగాడు. "అది మామూలుగా రాసే మాట పెద్దమ్మా. అన్ని కాగితాల్లో ఉంటది. నువ్వు వేలు పెట్టు."

నోటరీ గారు ఆవిడనే చూస్తూ అడిగారు. "అమ్మా, మీరు పొలం అమ్మదలుచుకున్నారా?"

"నేనెందుకు అమ్ముత?"

ఆయన పత్రం మడిచి అతని చేతికిచ్చేశారు. "నేను దీని మీద ముద్ర వెయ్యను."

అక్కడితో అయిపోయిందనుకుని నేను లేచాను. అవలేదు. ఆయన ఇందాకటి పుస్తకమే తెరిచారు, అతను వస్తూనే సంతకం పెట్టిన పుస్తకం. అప్పుడు తెలిసింది నాకు, అది రిజిస్టరు కాదని. ఎవరినైనా వెంటబెట్టుకుని వచ్చినవాళ్ళ చేత ముందే అందులో సంతకం తీసుకుని, పని చెయ్యకపోతే ఆ సంగతి దాని కిందే రాసుకునే పుస్తకమట అది. ఫలానా రోజు ఫలానా మనిషి వచ్చారు, ఫలానా కారణం చేత నేను ఈ పని చెయ్యలేదు అని. అర పేజీ రాసి, నన్ను చదవమని, ఆవిడ చేత వేలిముద్ర వేయించి, నన్ను సంతకం పెట్టమన్నారు. అవతల మధ్యాహ్నం బడి గంట కొట్టేస్తున్నారు.

"చెయ్యనిదానికి కూడా సంతకాలేమిటండీ?" అన్నాను.

"చెయ్యలేదని రేపు ఎవరు చెబుతారు?"

పెట్టాను. ఆవిడకి ఇంకేమైనా చెబుతారేమోనని చూశాను. ఎక్కడా వేలు పెట్టవద్దనో, ఎవరినైనా కనుక్కోమనో. ఏమీ చెప్పలేదు. సలహా చెప్పడం నోటరీ పని కాదట. నాకు ఒళ్ళు మండి, వీధిలోకి పరిగెత్తి ఆవిడకి నేనే చెప్పాను, చదివించుకోకుండా ఎక్కడా వేలిముద్ర వెయ్యొద్దని. ఆవిడ నన్ను ఊరడించింది. "వాడు నాకు కొడుకు అసువంటోడే బిడ్డా. తెల్వక తెచ్చిండు" అంది.

తర్వాతి ఏడాది ఆవిడ ఒంటరిగా మా బడికి వచ్చింది. "ఆ రోజు చదివిన బిడ్డ ఎక్కడ?" అని గుమ్మంలో అడుగుతుంటే గొంతు గుర్తుపట్టాను. ఆరెకరాలూ అమ్ముడైపోయాయి. ఇంకెక్కడో దూరంగా ఒక ఊళ్ళో, ఇంకో నోటరీ దగ్గర, ఇంకెవరో ముసలమ్మని ఈవిడగా చూపించి ఆ పవరు పత్రం చేయించాడు మరిది కొడుకు. కొన్నవాళ్ళు వచ్చి దున్నుకుంటుంటే ఈవిడకి తెలిసింది. నేను ఆవిడని నోటరీ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఒక ప్లీడరుకి ఉత్తరం రాసి ఇచ్చారు. దావా పడింది.

దావా నడిచిన మూడేళ్ళూ నన్ను ఎంత తిప్పారో చెప్పలేను. సెలవులన్నీ కోర్టు అరుగు మీదే అయిపోయాయి. వాయిదా, వాయిదా, మళ్ళీ వాయిదా. నోటరీ గారు మాత్రం ప్రతి వాయిదాకీ ఆ పుస్తకం చంకలో పెట్టుకుని, పిలిచినా పిలవకపోయినా నా పక్కన వచ్చి కూర్చునేవారు. చివరికి పిలిచారు. అవతలి ప్లీడరు ఆయన్నే ముందు పట్టుకున్నాడు.

"ఈ పుస్తకం ఏ రూలు కింద రాస్తున్నారు?"

"ఏ రూలు కిందా కాదండి."

"చట్టంలో లేని పుస్తకం ఎందుకు రాశారు?"

"జరిగింది కనక రాశానండి."

"మీరు ముద్ర వెయ్యనప్పుడు మీ దగ్గర జరిగిందేముంది?"

"వెయ్యకపోవడం జరిగిందండి."

హాల్లో నవ్వులు. జడ్జి గారు కూడా చిరాకుపడ్డారు. ఇలాంటి పుస్తకాలకి వాటంతట వాటికి విలువేమీ ఉండదని చెప్పారు. ఆయన తల వంచుకున్నారు. ఇన్నాళ్ళూ రిజిస్టర్లు చూడటానికి ఎవరైనా పెద్దమనిషి రావాలని ఎదురుచూసిన మనిషి. ఒక జడ్జి మొదటిసారి ఆయన పుస్తకం చేతిలోకి తీసుకున్నది అలా జరిగింది. నాకు ఆ ప్లీడరు మీద, జడ్జి మీద, ఈయన మీద, అందరి మీదా కోపమొచ్చింది.

తర్వాత నా వంతు. "మీకు నోటరీ గారి దగ్గర ఉద్యోగమా?" అని అడిగాడు ఆ ప్లీడరు.

"కాదండి."

"జీతం ఏమన్నా ఇస్తారా?"

"మజ్జిగ ఇస్తారండి" అన్నాను. అడిగినదానికి చెప్పాను. మళ్ళీ నవ్వారు.

మరిది కొడుకు బోనెక్కి, తాను పెద్దమ్మని తీసుకుని నందిగామ రానే లేదనీ, ఆ నోటరీ ఎవరో, ఈ టీచరు ఎవరో తెలియదనీ ప్రమాణం చేసి చెప్పాడు. మా ప్లీడరు పుస్తకం అతని ముందు పెట్టి, ఆ పేజీ తీసి, ఈ సంతకం ఎవరిదని అడిగాడు. పుస్తకానికి విలువ లేకపోవచ్చు. అందులో ఉన్న సంతకం అతనిదే కదా. అటు ఆ దూరపు ఊరి రిజిస్టరులో ఉన్న వేలిముద్ర ఈవిడది కాదని కూడా తేలింది. అమ్మకం చెల్లదని తీర్పు వచ్చింది. పొలం ఆవిడకి తిరిగి వచ్చింది.

ఇక్కడితో ఆపితే బాగానే ఉంటుంది. కానీ నిజంగా జరిగింది ఇంకా ఉంది. నాలుగు నెలలైనా కాకుండానే ఒక పొద్దున గోడ మీంచి, "టీచరమ్మా, ఒక్క నిమిషం." వెళ్ళేసరికి ఆ పెద్దావిడ కుర్చీలో ఉంది. అరుగు కింద మెట్టు దగ్గర ఆ మరిది కొడుకు నిలబడి ఉన్నాడు. గడియారం లేదు. సాగుకీ, కరెంటుకీ, ఆఫీసుల్లో తిరగడానికీ అతనికే మళ్ళీ పవరు రాయించుకొచ్చింది ఆవిడ. అమ్మడం, తాకట్టు పెట్టడం మాత్రం లేవు. నా చేత మూడుసార్లు చదివించుకుంది. అమ్ముట అన్న మాట ఎక్కడైనా ఉందేమోనని వేలితో వరసలు తడుముతూ వింది, చదువు రాకపోయినా.

నేనుండబట్టలేకపోయాను. "ఇంత చేసినవాడికి మళ్ళీ ఇతనికేనా అమ్మా?"

"మరెవరికి ఇయ్యాలె బిడ్డా? రేపు నాకు నీళ్ళు పోసేదెవరు? వీడు పాడుపని చేసిండు. చేసిండని ఊరందరికీ తెలిసింది, వాడికీ తెలిసింది. నేనున్నంత కాలం అమ్మకుంట చూసుకుంట. అంతే."

నోటరీ గారు అడిగారు. "అమ్మా, ఇందులో ఏముందో చెప్పండి." ఆవిడ పొల్లు పోకుండా చెప్పింది. ఆయన రిజిస్టరు తెరిచి నంబరు వేసి, గడులన్నీ నింపి, అతన్ని పైకి పిలిచి సంతకం పెట్టించుకుని, ముద్ర కొట్టారు. ఆవిడ బొటనవేలు కిరసనాయిలు గుడ్డతో తుడవడానికి తనే వంగారు.

వాళ్ళు వెళ్ళాక అడిగాను. "నన్ను మూడేళ్ళు కోర్టు చుట్టూ తిప్పింది దీనికా అండీ? మళ్ళీ వాడి చేతుల్లోనే పెట్టారు."

"అవునండీ. కానీ ఈసారి ఆవిడకి తెలుసు" అన్నారు.

ఆ జవాబు నాకు ఏమాత్రం నచ్చలేదు. పదిహేను రోజులు గోడ దగ్గరికి పోలేదు. ఆయన పిలుస్తూనే ఉన్నారు. నేను లోపల పిల్లల పలకలు దిద్దుతున్నట్టు కూర్చునేదాన్ని. చివరికి మా అమ్మే, పన్నెండేళ్ళు ఆయన్ని తిట్టిపోసిన అమ్మే, "ఎల్లవే, గొంతు పోయేట్టు పిలుత్తన్నాడు పాపం" అని తరిమింది. వెళ్ళాను. మజ్జిగలో ఉప్పు మామూలుగానే ఎక్కువైంది. ఎవరం ఏమీ అనుకోలేదు.

ఆ తర్వాత ఆయనకి చూపు తగ్గింది. ఆపరేషను చేయించినా ఒక కంటికే కొద్దిగా వచ్చింది. తను రాసింది తను చదువుకోలేనప్పుడు ముద్ర తన దగ్గర ఉండకూడదని పైవాళ్ళకి ఉత్తరం రాశారు. ఎవరో వచ్చి తీసుకుంటారని చూశారు. జవాబు రాలేదు. వచ్చినవాళ్ళని వచ్చినట్టు వెనక్కి పంపేవారు. ఒక రోజు కూతురు వచ్చి సామానుతో సహా జగ్గయ్యపేట తీసుకెళ్ళిపోయింది. రిజిస్టర్లు వేరే బండిలో వెళ్ళాయి, పంచె ముక్కల్లో మూటలు కట్టుకుని. ఇప్పుడు వాటిని ఎవరికి అప్పజెప్పాలో తెలియడం లేదని ఆ అమ్మాయి కార్డులో చివర రాసింది.

మొన్న వర్షాలకి ముందు ఆయన్ని చూడటానికి జగ్గయ్యపేట వెళ్ళాను. వాకిట్లో కుర్చీలో కూర్చుని, చాకలి పద్దు కూతురి చేత చదివించుకుంటున్నారు. ఆ అమ్మాయి నన్ను చూసి, బతికించారు అన్నట్టు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

"వత్సవాయి ఆవిడ ఉన్నారా?" అని అడిగారు.

"ఉన్నారండి. చెవులు వినపడట్లేదంట. పొలం అతనే చేస్తున్నాడు."

"అమ్మలేదు కదా?"

"లేదండి."

తలూపారు. "మిమ్మల్ని చాలా విసిగించాను" అన్నారు.

"అవునండి" అన్నాను.

ఆయన నవ్వారు. అంత హాయిగా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. నేనూ నవ్వాను. పన్నెండేళ్ళలో మా ఇద్దరికీ దేని మీదనైనా ఒక్క మాటలో రాజీ కుదిరింది అప్పుడే అనుకుంటాను. నా సర్వీసు పుస్తకంలో రెండు పేర్లూ సరిగ్గా ఎక్కాయా అని అడిగారు. ఎక్కాయన్నాను. నాన్న పేరు కూడానా అన్నారు. అదీ ఎక్కిందన్నాను. నిజానికి చూసుకోలేదు. ఇంటికొచ్చాక చూసుకున్నాను, సరిగ్గానే ఉంది.

వద్దంటే వినకుండా బస్టాండు దాకా వచ్చారు. ఎండ ఇంకా తగ్గలేదు. ఒక్కో బస్సు ముందూ నిలబడి, ఇది నందిగామ బస్సేనా అని కండక్టర్లని అడగడం మొదలుపెట్టారు. ఒకడికి రెండోసారి అడిగేసరికి కోపమొచ్చి, "బోర్డు కనపడట్లేదా పెద్దాయనా?" అన్నాడు. "కనపడదు నాయనా, అందుకే అడుగుతున్నా" అన్నారు. నేను ఆయన్ని నీడకి నిలబెట్టి, నా బస్సు ఎక్కి, కిటికీ పక్కన కూర్చున్నాను.

మా బస్సూ, పక్కనున్న కోదాడ బస్సూ ఒకేసారి కదిలాయి. ఆయన నీడలోంచి రెండడుగులు ముందుకు వచ్చి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, కోదాడ బస్సు వైపు తిరిగి రెండో చెయ్యి ఎత్తి ఊపుతున్నారు. నేను ఇటు నుంచి పిలిచాను. ఇంజను మోతలో వినపడలేదు. ఆ కోదాడ బస్సు చివరి కిటికీలో తలగుడ్డ చుట్టుకున్న ఎవరో రైతు, ఈయనెవరో తెలియక కాసేపు చూశాడు. తర్వాత చెయ్యి బయటపెట్టి, బస్సు మలుపు తిరిగేదాకా ఆయనకి ఊపుతూనే ఉన్నాడు.